రాగాల పట్టిక, రోగాల పట్టిక: ఒక విమర్శ

శిశువు, పశువు, పాము కూడా గానరసాన్ని ఎరుగునని మన పెద్దలు చెప్పిన మాట తెలుగువారికి చిరపరిచితమైనది. సంగీతానికి గల శక్తిని గురించి ఎవరు వ్యాసం వ్రాసినా, ఎవరు ఉపన్యసించినా ఈ మాటతోనే మొదలు పెట్టడం పరిపాటి. కాని దీనిని శాస్త్రదృష్టితో పరీక్షించినవారు తక్కువ. పాముకు వెలుపలి చెవి లేదు, కర్ణభేరి లేదు. దాని లోపలి చెవి దవడ ఎముకలతో కలిసి ఉంటుంది. కనుక నేల అదురును, తక్కువ పౌనఃపున్యం గల కొన్ని ధ్వనులను మాత్రమే అది బాగుగా గ్రహించగలదు. పాములవాని నాగస్వరం ముందు త్రాచు పడగ విప్పి ఊగడం గానరసం చేత కాదు. ఎదుట కదలుతున్న బుర్రను శత్రువుగా భావించి, దానిమీదనే చూపు నిలిపి, ఆత్మరక్షణ కోసం అది ఊగుతున్నది. బుర్ర ఊదకుండా ఊరక ఊపినా పాము ఊగుతుంది.

ఇక శిశువు మాట. ఇది మాత్రం పరీక్షకు నిలిచినది. 2021లో అమెరికా పరిశోధకులు 144 మంది పసిపిల్లలకు వారు ఎన్నడూ వినని పరదేశ భాషల జోలపాటలను, జోలపాటలు కాని ఇతర గీతాలను వినిపించి చూచినారు. జోలపాటలు వింటున్నప్పుడు పిల్లల గుండె వేగం ఎక్కువగా తగ్గినది. భాష తెలియదు, రాగం తెలియదు, పాడిన తల్లి తెలియదు. అయినా శరీరం శాంతించినది.

ఒకే వాక్యంలో ఒక మాట నిజమై, ఇంకొకటి భ్రమ అయినది. సంగీతాన్ని, మనస్సును గురించి నేడు మన మధ్య ప్రచారంలో ఉన్న వ్రాతలన్నింటి పరిస్థితీ ఇదే. నిజమూ, భ్రమా ఒకే పడుగులో నేయబడి ఉన్నవి. వాటిని విడదీయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విమర్శకు తీసుకొన్న వస్తువు ఒక పట్టిక. విశాఖపట్నం వన్ టౌనులో బురుజుపేట కనకమహాలక్ష్మి ఆలయం మొదలు కురుపాం మార్కెట్టు వరకు గల వీధులలో తిరిగేవారికి ఇటువంటిది ఎక్కడో ఒకచోట కంట పడక మానదు. పంచాంగాల అట్టల వెనుక, చిన్న పుస్తకాలలో, వారపత్రికల అనుబంధాలలో, ఇప్పుడు ప్రతివారి చేతిలో ఉన్న ఫోనులో కూడా ఇది ప్రత్యక్షమవుతుంది. ఎడమవైపు రాగాల పేర్లు, కుడివైపు రోగాల పేర్లు. ఆనందభైరవి రక్తపోటును తగ్గిస్తుందట, నీలాంబరి నిద్ర పట్టిస్తుందట, బిలహరి దిగులు పోగొడుతుందట, ద్విజావంతి పక్షవాతానికి మందట. కొన్ని పట్టికలు క్షయను, క్యాన్సరును కూడా విడిచిపెట్టలేదు.

ఈ పట్టిక మొదటి లోపం దాని రూపంలోనే ఉన్నది. మందుల షాపులోని మాత్రకు తూకం ఉంటుంది. ఒక మాత్రలో ఇన్ని మిల్లీగ్రాముల పదార్థం ఉన్నదని, రోజుకు ఇన్నిసార్లు వేసికోవాలని దానిమీద వ్రాసి ఉంటుంది. ఆనందభైరవికి తూకం ఏది? విలంబ కాలంలో పాడినదా, ద్రుత కాలంలో పాడినదా? వీణమీదనా, సన్నాయిమీదనా? సాహిత్యంతోనా, లేకుండానా? ఎంతసేపు? ఎంత గట్టిగా? ఆ రాగం చిన్ననాటినుండి ఎరిగినవారికా, మొదటిసారి వింటున్నవారికా? పట్టిక వీటిలో ఒక్క ప్రశ్ననూ అడగదు. రాగమనేది ఒక పదార్థం కాదు. అది స్వరాల నడక. ఒకే రాగంలో కళ్లు చెమర్చే కృతి ఉన్నది, కాళ్లు కదిలించే కృతీ ఉన్నది.

ముఖారినే తీసికొనండి. ఎవరైనా తమ కష్టాలు ఏకరువు పెడితే, ముఖారి రాగం ఆలపిస్తున్నాడని మనం పరిహాసంగా అంటాము. ముఖారి అంటే ఏడుపు అని లోకంలో స్థిరపడిపోయినది. కాని శబరి భాగ్యాన్ని తలచుకొని పరవశించి త్యాగరాజు రచించిన కృతి ముఖారిలోనే ఉన్నది. అందులో ఉన్నది ఏడుపు కాదు, ఆశ్చర్యంతో కూడిన ఆనందం. రాగానికీ, భావానికీ ఒకటికి ఒకటిగా ముడివేయడం సంగీత శాస్త్రానికే సమ్మతం కానప్పుడు, రాగానికీ రోగానికీ ముడివేయడం వైద్యశాస్త్రానికి ఎట్లా సమ్మతమవుతుంది?

రాగం పేరు కాకపోతే మరి శరీరంమీద పనిచేసేది ఏది? ఈ ప్రశ్నకు 2006లో ఇటలీ దేశపు పావియా విశ్వవిద్యాలయంలో లూచియానో బెర్నార్డీ, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగం కొంత సమాధానం ఇస్తున్నది. 12 మంది సంగీతజ్ఞులకు, సంగీతం నేర్వని మరి 12 మందికి ఆరు రకాల సంగీతం వినిపించినారు. అందులో వివాల్డి, బీథోవెన్ రచనలతోపాటు ఒక భారతీయ రాగం కూడా ఉన్నది. వింటున్నంతసేపు ఊపిరి వేగం, గుండె వేగం, రక్తపోటు కొలిచినారు. సంగీతం ఏ దేశానిది, ఏ శైలిది అన్నదానికంటె దాని నడక వేగమే ముఖ్యమని తేలినది. నడక త్వరితమైనకొద్దీ ఊపిరి, గుండె, రక్తపోటు హెచ్చినవి. అన్నింటికంటె వింతైన ఫలితం ఇంకొకటి ఉన్నది. ప్రయోగం మధ్య రెండు నిమిషాల నిశ్శబ్దం ఉంచినారు. ఆ నిశ్శబ్దంలో రక్తపోటు, గుండె వేగం ప్రయోగానికి ముందున్న స్థాయికంటె కూడా తగ్గినవి. పాటకంటె పాట ఆగిన క్షణం ఎక్కువ విశ్రాంతి ఇచ్చినదన్నమాట. ఏ పట్టికలోనైనా నిశ్శబ్దానికి ఒక గడి ఉన్నదా?

ఇది ఎట్లా జరుగుతుందో విద్యార్థులు తెలిసికొనడం అవసరం. ధ్వని తరంగాలు కర్ణభేరిని కదిలించగా, ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలోని కర్ణావర్తానికి చేరుతుంది. అక్కడి రోమకణాలు దానిని నాడీ ప్రచోదనాలుగా మార్చి మెదడుకు పంపుతవి. ఈ వార్త మెదడు అడుగుభాగానికి ముందుగా చేరుతుంది. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే, అది ఏమిటో మనకు తెలియకముందే ఉలిక్కిపడడం ఇందువల్లనే. గుండెను, ఊపిరిని నడిపే కేంద్రాలు కూడా అక్కడే ఉన్నవి. ప్రమాదం తోచినప్పుడు సహానుభూత నాడీవ్యవస్థ గుండెను పరుగెత్తిస్తుంది. హైపోథలామస్, పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథులు వరుసగా ప్రేరితమై కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో చేరుతుంది. మనం మానసిక ఒత్తిడి అని పిలిచే స్థితికి శరీరంలోని ముఖ్యమైన గుర్తులలో ఇది ఒకటి. దీనికి ప్రతిగా, నెమ్మదిగా ఊపిరి పీల్చి విడిచినప్పుడు సహసహానుభూత నాడీవ్యవస్థ గుండెకు కళ్లెం వేస్తుంది. నిదానమైన గానం మన ఊపిరిని తనకు తెలియకుండానే తన వెంట నడిపించుకొంటుంది. సముద్రపు ఒడ్డున జాలరులు ఒకే లయలో పలుకుతూ పెద్దవల లాగడం చూచినవారికి, లయ శరీరాలను ఎట్లా ఒక త్రాటిమీదికి తెస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇది శరీరపు భాగం. మనస్సు భాగం ఇంతకంటె సూక్ష్మమైనది. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ అనే కెనడా పరిశోధకులు హిందుస్తానీ రాగాలను ఎరుగని పాశ్చాత్య శ్రోతలకు ఆ రాగాలు వినిపించి, వాటిలోని భావం గుర్తించమన్నారు. సంతోషం, విషాదం, కోపం వారు గుర్తించగలిగినారు. శాంతాన్ని మాత్రం సరిగా పోల్చుకోలేకపోయినారు. నడక వేగం, స్వరాల అల్లికలోని సరళత వంటివి ఎవరికైనా తెలిసే గుర్తులు. వీటికి మించినది సంస్కారంనుండి, జ్ఞాపకంనుండి వస్తుంది. నీలాంబరిలో జోలపాటలు విని పెరిగినవానికి నీలాంబరి నిద్ర తెస్తుంది. తెల్లవారుజామున భూపాలం విని మేలుకొన్న ఇంటిలో భూపాలం మెలకువ తెస్తుంది. విజయవాడ రేడియో భక్తిరంజని వింటూ పెరిగిన తరంవారికి ఆ పాటలు నేటికీ తల్లి వంటయింటిని, తండ్రి కంఠాన్ని గుర్తుకు తెస్తవి. ఆ పాటలు రేడియోలో పుట్టిన శాంతిని కాక, ఆ ఇంటిలో పొందిన శాంతిని తిరిగి ఇస్తున్నవి. ఇంకొక ఇంటిలో పెరిగినవానికి అదే పాట ఏమీ చేయకపోవచ్చు. చావు ఇంటిలో విన్నవానికి దుఃఖమే కలిగించవచ్చు.

దీనిని బట్టి సంగీతం ప్రభావం అంతా మాటలదేనని, జ్ఞాపకాలదేనని అనుకోరాదు. విశాఖపట్నంలో పెరిగి, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919నుండి బోధించి, 1936లో దాని అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనంలో సాహిత్యం లేదు. అయినా ఆ కమాను కదలికకు శ్రోతలు కరిగినారు. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు ఇటువంటి పులకింత కలిగినవేళ శ్రోతల మెదడులో ఏమి జరుగుతున్నదో పరిశీలించినారు. రుచిగల ఆహారం తిన్నప్పుడు పనిచేసే మెదడు భాగాలలోనే డోపమిన్ అనే పదార్థం విడుదలైనది. అంతేకాదు, మెచ్చిన ఘట్టం రాబోతున్నదని ఎదురుచూచే క్షణంలో ఒక భాగంలోను, అది వచ్చిన క్షణంలో మరొక భాగంలోను ఇది జరిగినది. సమం ఎప్పుడు వస్తుందా అని మన చేయి తొడమీద తాళం వేస్తూ ఎదురుచూడడంలోనే సగం ఆనందం ఉన్నదన్న అనుభవానికి ఇది ప్రయోగశాల సాక్ష్యం.

అయితే సంగీతం ఒత్తిడిని తగ్గిస్తుందా? తగ్గిస్తుంది, కాని పరిమితంగా. 2020లో ప్రకటితమైన ఒక సమీక్షలో 104 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 9,617 మంది ఫలితాలను కలిపి లెక్కించినారు. గుండె వేగం, రక్తపోటు, హార్మోనుల వంటి శరీర లక్షణాలపై చిన్నదినుండి మధ్యరకం వరకు, ఆందోళన వంటి మానసిక లక్షణాలపై మధ్యరకంగా మేలు కనిపించినది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, శస్త్రచికిత్స జరిగినవారిపై చేసిన 73 ప్రయోగాల సమీక్ష వచ్చినది. పాట విన్నవారిలో నొప్పి, ఆందోళన తగ్గినవి, నొప్పి మందుల అవసరం కూడా తగ్గినది. కాని వారు ఆస్పత్రిలో ఉండవలసిన రోజులు తగ్గలేదు. గాయాన్ని మాన్పినది వైద్యం. మానేలోగా పడే బాధను కొంత తేలికచేసినది సంగీతం.

ప్రతి ప్రయోగమూ మనం కోరిన సమాధానమే చెప్పదు. 2013లో జూరిచ్ పరిశోధకులు 60 మంది యువతులను మూడు జట్లు చేసినారు. ఒక జట్టు శాంతమైన సంగీతం విన్నది, ఒక జట్టు పారే నీటి శబ్దం విన్నది, మూడవది ఊరక విశ్రమించినది. తరువాత అందరికీ పరీక్షకుల ఎదుట మాట్లాడడం, నోటిలెక్కలు చేయడం వంటి ఒత్తిడి పెట్టినారు. కార్టిసాల్ ఎక్కువగా పెరిగినది సంగీతం విన్న జట్టులోనే! తక్కువగా పెరిగినది నీటి శబ్దం విన్న జట్టులో. అయితే నాడీవ్యవస్థకు సంబంధించిన ఇంకొక కొలతలో, ఊరక విశ్రమించినవారికంటె సంగీతం విన్నవారు త్వరగా తేరుకొన్నారు. పట్టిక వ్రాసేవారు ఇటువంటి ఫలితాలను తలపెట్టరు. తలపెట్టితే కుడివైపు గడిలో ఒక్క మాట వ్రాయడం కుదరదు.

పాశ్చాత్యులు ఇటువంటి పట్టికలకు అతీతులని ఎవరూ భ్రమపడనక్కరలేదు. 1993లో అమెరికాలో 36 మంది కళాశాల విద్యార్థులకు మొజార్టు సంగీతం పది నిమిషాలు వినిపించగా, ఆకారాలను ఊహించే పరీక్షలలో వారికి కొద్దిగా ఎక్కువ మార్కులు వచ్చినవి. ఆ ప్రభావం పావుగంట దాటలేదు. పత్రికలు దానిని మొజార్టు వింటే తెలివి పెరుగుతుందని చాటినవి. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి శిశువుకు సంగీతపు రికార్డు ఇవ్వాలని ప్రతిపాదించినాడు. 1999లో కెనడా పరిశోధకులు అదే ప్రయోగం మార్చి చేసి, కథ వినడం ఇష్టపడేవారికి కథ విన్న తరువాతనే ఎక్కువ మార్కులు వచ్చినవని చూపినారు. ఇష్టమైనది వింటే మనస్సు ఉత్సాహపడి పని బాగుగా చేస్తుంది. దానికి మొజార్టు కానక్కరలేదు, కల్యాణీ కానక్కరలేదు.

ఇష్టమన్న మాట ఇక్కడ కీలకమైనది. మన వన్ టౌనులో ఓడరేవు కూతలు, లారీల హారన్లు, బేరసారాల కేకలు ఎటూ ఉన్నవి. వాటిపైన పందిరి కట్టిన ప్రతిచోట లౌడుస్పీకరు. అందులో వచ్చేది మంచి రాగమే కావచ్చు. కాని మరునాడు పరీక్ష వ్రాయవలసిన పిల్లవానికి, పక్క ఇంటి జ్వరపీడితునికి అది సంగీతం కాదు, ఆపలేని శబ్దం. తన ఇష్టంతో పెట్టుకొన్న పాట శాంతినిస్తుంది. ఆపే శక్తి తన చేతిలో లేని పాట ఒత్తిడి పెంచుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లకు మించరాదు. సాధారణంగా రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటల వరకు లౌడుస్పీకర్లు నిషిద్ధం. డెసిబెల్ కొలమానం లాగరిథమ్ పద్ధతిది. 55కు 65 అంటే కొద్దిపాటి పెరుగుదల కాదు, ధ్వని తీవ్రత పది రెట్లు. చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొనే విద్యార్థులూ ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దు 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు. ధ్వని హెచ్చినకొద్దీ ఈ గడువు వేగంగా తరిగిపోతుంది. చచ్చిన రోమకణాలు మనుష్యునిలో తిరిగి మొలవవు.

పట్టికను సమర్థించేవారు మహావిద్వాంసుల మాటను సాక్ష్యంగా చూపుతారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) సంగీత చికిత్సపై విశేషమైన ఆసక్తి చూపిన మాట నిజమే. నాలుగే స్వరాలతో లవంగి రాగాన్ని సృష్టించిన ప్రతిభ వారిది. ఆ ప్రతిభకు నమస్కరించవలసినదే. కాని రాగం ఎట్లా పాడాలో చెప్పడంలో విద్వాంసుని మాట ప్రమాణం. రక్తపోటు ఎంత తగ్గినదో చెప్పడంలో రక్తపోటు కొలిచే యంత్రం మాటే ప్రమాణం. పోల్చి చూడడానికి సంగీతం విననివారి జట్టు కూడా ఉండాలి. ఏలనగా జలుబు, తలనొప్పి, దిగులు వంటివి చాలామందికి వాటంతట అవే తగ్గుతవి. తగ్గే ముందురోజు విన్న రాగానికి ఆ కీర్తి దక్కుతుంది.

ఇంత పట్టుదలగా ఈ పట్టికను ఖండించడం ఎందుకని కొందరు అడగవచ్చు. వింటే నష్టమేమి? వినడంవల్ల నష్టం లేదు. మందు మానడంవల్ల ఉన్నది. అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా లేకుండా సంవత్సరాల తరబడి దాగి ఉండే జబ్బు. నిదానమైన పాట వింటున్న కొద్దిసేపు అది దిగవచ్చు. మనస్సు తేలికపడినదని మాత్ర మానినవాని రక్తనాళాలలో ఆ పోటు మళ్లీ పెరిగి, ఒకనాడు పక్షవాతంగా బయటపడుతుంది. పట్టికలో పక్షవాతానికీ ఒక రాగం వ్రాసి ఉన్నది. కాని ఆ గంటలో కావలసినది రాగం కాదు, ఆస్పత్రి. వారాల తరబడి వదలని దిగులు, నిద్రలేమి ఉన్న విద్యార్థికి బిలహరి వినమని చెప్పి పంపివేసిన ఉపాధ్యాయుడు, తెలియకుండానే అతని వైద్యాన్ని వెనుకకు నెట్టినవాడవుతాడు. పాట వినమనండి. దానితోపాటు డాక్టరు వద్దకు కూడా తీసికొని వెళ్లండి.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలోనే పరీక్షింపజేయవచ్చును. ఖర్చు లేదు. విద్యార్థులను నాణెం ఎగురవేసి జట్లుగా విభజించండి. జట్టు ఎవరికి వారు కోరుకోరాదు. అందరూ అయిదు నిమిషాలు కదలక కూర్చున్న తరువాత మణికట్టు నాడిని 30 సెకండ్లు లెక్కించి, రెండింతలు చేసి వ్రాసికోవాలి. ఒక జట్టు నిదానమైన పాట, ఒకటి వేగమైన పాట పది నిమిషాలు వినాలి. మూడవ జట్టు అంతసేపూ నిశ్శబ్దంగా కూర్చోవాలి. మరల నాడి లెక్కించి, ప్రతి జట్టుకు సగటు తేడా కట్టండి. నిశ్శబ్దపు జట్టులోనూ నాడి తగ్గితే ఆశ్చర్యపోవద్దు. ఆ తగ్గుదలను మించి తగ్గినదే పాట చేసిన పని. ఫలితం అనుకొన్నట్లు రాకపోతే దానిని కూడా నల్లబల్లమీద వ్రాయండి. వేరొకరోజు, వేరొక పాటతో మళ్లీ చేయండి. ఇరవై, ముప్పయి మందితో చేసిన ఒక్క ప్రయోగం ఏ సత్యాన్నీ స్థాపించదని కూడా విద్యార్థులు అప్పుడే నేర్చుకొంటారు.

సంగీతం మనిషికి చేసే మేలు తక్కువది కాదు. పరీక్ష ముందు వణికే చేతిని అది కొంత నిలుపగలదు. శస్త్రచికిత్సకు వెళ్లే రోగి భయాన్ని కొంత తగ్గించగలదు. ఏ మందుల షాపులోను దొరకని ఆనందం ఇవ్వగలదు. ఇంతటి ఉపకారికి లేని బిరుదులు తగిలించడం గౌరవం కాదు. పట్టికలోని కుడివైపు గడులు చెరిపివేసినా ఎడమవైపు రాగాలకు వచ్చే లోటేమీ లేదు. వాటిని రాగాలుగానే విందాము.